సౌండు రాని రాత్రి

డిస్కుకు ఐదు రూపాయల కిరాయి, రెండింటికి పది.
పొద్దున తొమ్మిదిలోపు ఇయ్యకుంటే ఇంకో ఐదు.
చండూరు బస్టాండు కాడి దుకాణమాయన
మార్కరుతోని సినిమా పేరు రాసిచ్చిండు,
అండ్ల ఒక అక్షరం తప్పు.

మా ఇంట్ల కంప్యూటరు మగ్గం పక్కనే,
కండెలు చుట్టే చరకను గడప కాడికి జరిపిన జాగల.
మీద కప్పింది రంగు దిగిన చిటికి గుడ్డ,
సేటు వాపస్ పంపిన చీరె ముక్క.

నర్మదక్క ఫార్మాట్ కొట్టినప్పటి సంది సౌండు లేదు.
డ్రైవర్ సీడీ నల్లగొండల, కొన్న కాడనే మరిచినం.
బొమ్మ మాత్రం వస్తది.
ట్రే లోపలికి పోంగ గిర్రుమని ఒక మోత,
మాకినొచ్చిన పాట అదొక్కటే.

హీరో నోరు తెరుస్తడు. ఏమీ లేదు.
తల్లి కొంగు నోట్లె కుక్కుకుంటది. ఏమీ లేదు.
పక్కింటి పిల్లలు లేశిపోతుంటే
అండాలు చిన్నమ్మ అన్నది:
"ఉండుండ్రి, నేను చెప్త."

పదేండ్లప్పుడు గుంటమగ్గంల కూసున్న మనిషి.
నాడె మోతకు చెవులు ఎప్పుడో పాయె.
ఎవరేమన్నా పెదవుల మీదికెల్లి ఏరుకుంటది,
తెగిన పోగును ఏరుకున్నట్టు.
ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ చెవుల్లేవు,
ఒక్క ఆమెకే ఉన్నయి.

"అమ్మా, నీ గాజులు కుదువ పెట్టినోన్ని నేనే" అన్నడు హీరో.
"ఎరుకే బిడ్డా. రశీదు నా పెట్టెల్నే ఉన్నది" అన్నది తల్లి.
విలన్ మాటలు చెప్పుకుంట ఆమె గొంతు
మా సేటు గొంతు లెక్కయితే
నాన్న గూడ నవ్విండు, బాకీ మరిచి.

మొదటి డిస్కు ఆగిన కాడ ఇంటర్వెల్.
పుట్నాలు, ఛాయ.
రెండోదాని మీద గీతలు. నర్మదక్క చున్నీతోని తుడిచి ఊదింది.
అయినా చివర్ల హీరో ముఖం
గళ్లు గళ్లుగ పగిలి నిలబడ్డది.
"ఇప్పుడేమంటున్నడు?"
"ఆగిండు. యాది చేసుకుంటున్నడు."

ఆయితారం డ్రైవర్ సీడీ వచ్చింది.
మూడు రోజుల ఫైన్ ఎక్కిన డిస్కునే మళ్ల ఏసినం.
అప్పుడు తెలిసింది అది డబ్బింగు సినిమా అని,
ఆ పెదవులు తెలుగే మాట్లాడలేదని.
గాజుల ముచ్చట లేదు, రశీదు లేదు.
అన్నం తిన్నవా అనడిగింది తల్లి. గంతే.

గడప కాడ చరక ఆపి
చిన్నమ్మ మా దిక్కు చూసింది:
"ఏమన్నది? సరిగనే చెప్పిన్నా?"

నర్మదక్క నన్ను చూసింది, నేను స్పీకర్లను.
నాన్న గుంటలకు కాళ్లు దించుకుంట
ఒక్కొక్క అక్షరం కనబడేటట్టు,
మెల్లగ, పెదవులు పెద్దగ కదిలిచ్చి అన్నడు:
"నువ్వు చెప్పిందే."