లాభం, రెండు, మూడు

ఏటుకూరు రోడ్డు మిర్చి యార్డులో
టిక్కీలు లెక్కపెట్టే గుమాస్తా
ఒకటి అనడు. లాభం అంటాడు.
తర్వాతే రెండు, మూడు.
కాలేజీలో నా జువాలజీ పాఠమూ అంతే.
ముక్కుకి లాభం, తోకకి లాభం,
సిగ్గుకీ, ఏడుపుకీ, అమ్మ ప్రేమకీ లాభం.
పిల్లలు రాసుకుంటారు. మార్కులు పడతాయి.

మా పక్క వాటాలో మస్తాన్‌బీ, సైదాబీ.
ఒకే అండం చీలి ఇద్దరైన కవలలు.
కనుబొమ్మ మీద గాటు లేకపోతే
ఎవరు అక్కో నాకూ తెలిసేది కాదు.
కోల్డ్ స్టోరేజీ దగ్గర ముచ్చికలు తీస్తారు, కిలోకింతని.

మొన్న శనివారం మేస్త్రీ లెక్క తప్పి
చెరో వంద ఎక్కువిచ్చాడు.
మస్తాన్‌బీ జాకెట్లో దోపుకుంది.
"ఏడేళ్ళు కోసుకున్నాడుగా, ఇది మొదటి వాయిదా."
సైదాబీ ఏప్రిల్ ఎండలో వెనక్కి నడిచింది,
తెగిన చెప్పు చేత్తో పట్టుకుని.
ఇచ్చేసి, తిట్లు తిని వచ్చింది.
తప్పు చూపిస్తే మేస్త్రీకి పడదు.

ఆ రాత్రి డాబా మీద
నా దగ్గర రెండు జవాబులూ ఉన్నాయి.
దాచుకున్నది బతకడానికి.
ఇచ్చేసింది నలుగురిలో పేరు బతకడానికి.
అక్క ఇచ్చి, చెల్లెలు దాచి ఉన్నా
నా జవాబుల్లో అక్షరం మారదు.
అదే నిద్ర పట్టనివ్వలేదు.
ఎవరి కాలికైనా పట్టే చెప్పు
ఎవరిదని చెప్పను?

సైదాబీనే అడిగాను.
"ఏమో మేడం, నోటు చేతిలో దురద పెట్టింది."
"మిరప్పొట్టు దురదలే" అని నవ్వింది అక్క.

మిరప కారం పుట్టించుకుంది
మనలాంటి పళ్ళవాళ్ళు నమలకూడదని.
చిలకకి మంట తెలీదు, గింజని ఊరు దాటిస్తుంది.
ఇది నమ్ముతాను. సోమవారం పాఠం ఇదే.
కానీ వద్దన్న కాయనే రోట్లో దంచి,
వేడన్నంలో కలిపి, ముక్కు తుడుచుకుంటూ
ఇంకొంచెం వెయ్యమంటుందే మా గుంటూరు...
నాలుక ఎలా వచ్చిందో చెప్పగలను.
ఇంకొంచెం అన్నదెవరో చెప్పలేను.

ఆదివారం మస్తాన్‌బీ
ఆ వంద పెట్టి చెల్లెలికి చెప్పులు తెచ్చింది.
లాభం, అన్నాడు నాలోని గుమాస్తా వెంటనే,
రక్తసంబంధం కదా అని.

సైదాబీ వాటిని తొడగలేదు.
పారెయ్యనూ లేదు.
గడప పక్కన, కొత్త రబ్బరు వాసనతో,
నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాయి.
ఆమె వట్టికాళ్ళతో పనికి పోతోంది,
రోజూ వాటిని దాటి.

గుమాస్తా రెండు అనాలి ఇప్పుడు.
అనడం లేదు.