పట్టుకునే చెయ్యి

సోహార్ల చేపల సూఖు ఎనకాల మా దుకాణం.
మూడున్నర మీటర్ల తెల్లబట్ట పరిచి
దిష్‌దాషాలు కత్తిరించుడు పద్నాలుగేండ్ల సంది నా పని.
భుజం, చెయ్యి, మణికట్టు.
రెండు చేతులు వేరేవేరే కొలుస్త.
ఏ మనిషికీ రెండు చేతులు ఒక్క పొడుగుండవు.
ఇది నాకు దవాఖానకు పోకముందే తెలుసు.

ఇందుజ రెండు నెల్లు ముందుగాల వచ్చింది.
గాజుపెట్టెల నలభై ఒక్క దినాలు.
ఇంటికొచ్చినంక ఏది చూపినా ఎడమచెయ్యే చాపేది.
నేను మురిసిన.
సిరిసిల్లకు ఫోన్ జేసి చెప్పిన:
"నీ మనవరాలు పుర్రచెయ్యిదే నాయినా, నీ లెక్కనే."
అవతల నాయిన నవ్వు,
నవ్వు ఎనక సాంచల చప్పుడు.

ఘాలియా నవ్వలే.
ఏడాది నిండని పిల్లకు వాటం ఉండొద్దట.
రెండు చేతులూ సమానంగ ఆశపడాలెనట.
ఒక్కటే ముందుకొస్తున్నదంటే
ఇంకోటి ఎందుకు రాలేదో అడగాలెనట.
ఆమె హిందీల చెప్తుంటే
నాయిన నవ్వును ఎట్ల వాపస్ తీసుకోవాలెనో
నేను ఆలోచిస్తున్న.

చిన్న కుర్చీ, దాని ముందట పలక, మూలకు కెమెరా.
మొదలు నెలల లెక్క సరిచేసింది:
ఏడుల నుంచి రెండు తీసేస్తే ఐదు.
కుట్టు లోపలికి మడిచిన బట్టోలె ఆ రెండు నెల్లు,
ఉన్నయి గని బయటికి కనిపియ్యవు.

తర్వాత ఆట. ఆటే పరీక్ష.
గిలక నడుమ పెట్టింది. ఎడమచెయ్యి.
ఎర్రబంతి నడుమ. ఎడమ.
కట్టె కడియాన్ని కుడిదిక్కు జరిపింది,
నేను ఊపిరి బిగబట్టిన,
ఎడమచెయ్యి పొట్టమీదికెంచి దాటివచ్చి అందుకున్నది.
కుడిచెయ్యి పిడికిలి మూసుకొని
బొటనవేలు లోపల దాసుకొని
తిట్లు పడ్డ పిల్లోలె ఒడిల కూసుంది.

వనమాల బిడ్డను చూస్తలేదు,
ఘాలియా కలాన్ని చూస్తున్నది.
కాయిదం మీద ఆ చేతికొక వరుస, ఈ చేతికొక వరుస.
ఒకటే నిండుతున్నది.

పదో బొమ్మనో పదకొండోదో.
ఒక్క చేతికి ఆగని పెద్ద బంతి.
ఎడమచెయ్యి పట్టింది, జారింది.
మళ్ళ పట్టింది, జారింది.
అప్పుడు కుడి పిడికిలి లేచింది.
తెరుచుకోలే. అబద్ధం ఎందుకు, తెరుచుకోలే.
వచ్చి బంతికి పక్కపొంటి ఆనుకున్నది, అంతే.
బంతి ఆగింది.

"ఇది గూడ లెక్కల వస్తదా?" అడిగిన.
కాయిదం నా దిక్కు తిప్పింది.
అరబ్బీ నాకు సదవరాదు,
అంకెలొస్తయి, బిల్లులు రాసి రాసి.
ఒకటంటే వాళ్లకూ నిలువు గీతనే.
రెండో వరుసల ఒక గీత.

ఆ రాత్రి దుకాణంల కత్తెర అందుకొని
నా ఎడమచేతిని చూసిన, మొదటిసారి.
పద్నాలుగేండ్లల అది ఒక్క పోగు కొయ్యలే.
బట్ట మీద ఆనుకొని ఉన్నది.

ఎడమచేతికి దినాం కొంతసేపు తొడుగేసి
కుడిచేతిని ఆటలకు పిలువాలెనట.
తొడుగు నేనే కుడుత అన్న.
నిద్రల ఉన్నప్పుడు టేపు చుట్టిన:
మణికట్టు నాలుగంగుళాలకు తక్కువ.
నా పుస్తకంల ఇంత చిన్న కొలత ఎన్నడూ లేదు.
పక్కనే కుడిచేతిది గూడ రాసిపెట్టిన,
దానికి తొడుగేం అక్కెరలేదు గని.

సిరిసిల్లకు ఇంకా ఫోన్ చెయ్యలే.