పది గ్రాముల దారం

జనరల్ ఆసుపత్రిలో పదకొండో నంబరు గది.
నా చేతిలో ఒక నైలాన్ దారం.
పాదం మీద ఆనించి, అది వంగేదాకా నొక్కాలి.
వంగిందంటే పది గ్రాముల బరువు పడ్డట్టు.
"తెలుస్తుందా?"
జీతం ఈ ఒక్క ప్రశ్నకే.

మస్తానమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది.
మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు తొడిమలు తీసిన మనిషి.
ఆమె లోపలికి రాగానే గదంతా తుమ్మింది,
నేనూ, నర్సు సలోమీ, తలుపు దగ్గరి కాపలా ముసలాయనా.
ఆమె మాత్రం తుమ్మలేదు.
తేజ రకం ఘాటు చీర మడతల్లో కాపురముంది,
ముక్కు ఆ సంగతి ఆమెకి చెప్పడం ఎప్పుడో మానేసింది.

"బొటనవేలు. తెలుస్తుందా?"
"లేదయ్యా."

చదువుకునే రోజుల్లో మాస్టారు బోర్డు మీద ఉల్లిపాయ గీశారు.
చర్మం కింద ఇంతకంటే చిన్నది, పొరలు పొరలుగా ఉంటుందిరా,
రైలొస్తుంటే ప్లాట్‌ఫారం వణుకు పసిగట్టేది అదే అన్నారు.
ఒత్తిడి పడగానే ఓ కేక,
తీయగానే ఇంకో కేక,
మధ్యలో ఉలుకూ పలుకూ ఉండదు.
అందుకే పొద్దున తొడిగిన గాజు
మధ్యాహ్నానికి చేతికి లేనట్టే.

మిరపకాయ పాఠం రోజు ఒక్కడూ క్లాసు ఎగ్గొట్టలేదు,
గుంటూరు పిల్లలం కదా.
నరం చివర ఓ తలుపుంది.
నలభై మూడు డిగ్రీల దగ్గర గడియ దానంతటదే ఊడుతుంది.
మిరపలో ఉన్నది నిప్పు కాదు, మారు తాళంచెవి.
సెగ లేకుండానే తలుపు తీస్తుంది.
కాల్షియం, సోడియం తిరనాళ్ళ జనంలా తోసుకొస్తాయి,
కబురు వెన్నుపాములోకి, అక్కణ్ణుంచి పైకి:
కాలుతోంది, కాలుతోంది.
మెదడు నమ్మేస్తుంది.
అది ఏనాడూ నిప్పు చూసింది కాదు,
ఎముకల గదిలో చీకట్లో కూర్చుని
ఎవరేం మోసుకొస్తే అదే లోకమనుకుంటుంది.

"మడమ?"
"ఊహూ."

మే నెలలో యార్డు గేటు దగ్గర చెప్పు తెగిందట.
తారు కరిగే ఎండలో ఆటో స్టాండు దాకా
ఒంటి చెప్పుతో నడిచిందట, మామూలుగా, మాట్లాడుకుంటూ.
గచ్చు మీద తడి గుర్తులు చూసి
పక్కింటి జైబూన్ అడిగేదాకా
తన కాలికి నాలుగు బొబ్బలు చితికాయని ఆమెకి తెలీదు.
నలభై మూడేం ఖర్మ, యాభై దాటి ఉంటుంది ఆ రోడ్డు.
తలుపు దగ్గరే ఉంది వేడి.
కబురు మోసే తీగే లేదు,
పన్నెండేళ్ళుగా చక్కెర కొరుక్కుంటూ వచ్చింది.

"కారంతో బతికినదాన్ని,
తీపి చంపుద్దంటావా?"
అని నవ్వింది. నా దగ్గర జవాబు లేదు.

"రాత్రిళ్ళు మాత్రం మండుతయ్యయ్యా,
పొయ్యిలో పెట్టినట్టు. తడి గుడ్డ చుడితే తడే తెలవదు, మంట తెలుస్తది."
తెగిన తీగలు అంతే,
పగలు నిజం చెప్పవు,
రాత్రంతా లేనిది చెబుతాయి.

డాక్టరుగారు పూతమందు రాశారు, పుండ్లు మానాక రాయమని.
సలోమీ ట్యూబు మీది అక్షరాలు చదివి చెప్పింది:
ఇందులో ఉండేది మిరపకాయ సారమే పెద్దమ్మా.
తలుపు తట్టీ తట్టీ నరాన్ని అలసిపోయేలా చేస్తుంది.
మస్తానమ్మ పడీ పడీ నవ్వింది,
"ఇంత గొట్టానికి ఎంత?
బస్తాలు బస్తాలు ఊరికే పూసుకున్నా గదే!"

ఆఖరున, చిటికెనవేలు.
"తెలుస్తుందా?"
"ఆ, తెలిసింది. రాసుకో."
నేనింకా ఆనించలేదు.

కలం పట్టుకుని కాసేపు ఉండిపోయాను.
ఆమె కళ్ళింకా మూసుకునే ఉంది.
ఒళ్ళో చేతులు మాత్రం ఊరుకోలేదు,
చీర అంచున అంటుకొచ్చిన ఎండు తొడిమను
వెతక్కుండానే పట్టుకుని,
గోటితో గిల్లి,
కింద పడేశాయి.