మూడో చేట

కాశీబుగ్గలో రాత్రి తొమ్మిది దాటితే
జీడిపిక్కలు కాల్చిన పొగ కాస్త నెమ్మదిస్తుంది.
పగలంతా ఇక్కడే బస్తాల లెక్క రాస్తాను.
రాత్రి అదే బల్ల మీద
నాది కాని పనిముట్టొకటి విప్పుకుని కూర్చుంటాను.

మొదట రాసినాయన ఎవరో, ఏ దేశమో,
"అలిసిపోయాను, ఇక నువ్వు చూసుకో" అని
ఒక్క వాక్యం రాసి
పదకొండు వేల వరుసలు నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

దాని పనేమిటో చెప్తే మా బస్తాలవాళ్లు నవ్వుతారు.
సర్వర్ల తలుపులు తట్టి
చెయ్యి చాపుతుంది, అంతే.
కావాలనే పాతకాలపు చెయ్యి, పుచ్చిన చెయ్యి చాపుతుంది.
ఎవరైనా మొహమాటపడి అందుకున్నారో
ఇక్కడ దొంగకి దారుందని రాసుకుంటుంది.
మొహం మీదే తలుపేసినవాడికి
మొదటి మార్కు.

నెలకి నలుగురైదుగురు లోపాలు రాసి పంపుతారు.
ఒకడు "పని చెయ్యట్లేదు" అంటాడు.
ఏది, ఎక్కడ, ఎప్పుడు? ఏటీ చెప్పడు.

మొన్నటిది సంవత్సరాల గొడవ.
సర్టిఫికెట్ గడువు రెండువేల యాభై ఒకటి.
మా పనిముట్టు ముందరి రెండంకెలూ కోసేసి
మిగిలిన యాభై ఒకటిని
పంతొమ్మిది వందల ఖాతాలో జమ వేసింది.
ఇంకా పుట్టనివాళ్ల నాటి గడువు
మా తాత కావిడి మోసే రోజుల్లోనే తీరిపోయిందట!
మార్చింది రెండు వరుసలు.
పట్టింది మూడు రాత్రులు.

గుచ్చుకున్నది అది కాదు.

ఎక్కడో ఒక ఆస్పత్రి సర్వర్, ముసలిది.
పలకరించిన ఐదు సెకన్లకి గాని నోరు విప్పదు.
మాది నాలుగే ఆగుతుంది.
జవాబు రాలేదు గనక
"లోపం లేదు" అని పచ్చరంగులో అచ్చేస్తుంది.
నిజానికి తలుపు బార్లా తీసే ఉంది.
మౌనాన్ని "కాదు" అని చదువుకుంది నా పనిముట్టు.
ఆరేళ్లుగా.
అందులో రెండేళ్లు నా చేతి కింద.
ఎన్ని గుమ్మాల మీద ఆ పచ్చబొట్టు పెట్టిందో
ఎవరిని అడగను?

నాలుగుని పది చేద్దామనుకున్నాను.
పదకొండో సెకనుకి పలికేవాడు
ఎక్కడో ఉండనే ఉంటాడు.

కిందికి దిగాను, నీళ్ల కోసం.
ట్యూబులైటు కింద తవిటమ్మ పప్పు ఏరుతోంది.
జీడి రసానికి నల్లబడ్డ వేళ్లు,
కళ్ల కంటే బేగి కదిలే వేళ్లు.
గుండు ఒక చేటలోకి, బద్ద ఒక చేటలోకి.
మోకాళ్ల నడుమ ఇంకో చిన్న చేట.

"అందులో ఏటి తవిటమ్మా?"
"తెల్దు బాబూ."
"తెల్దంటే?"
"ఈ ఎలుగులో తెల్దు. సిన్న సీలికుందో, నేదో.
పొద్దున్న ఎండలో సూత్తాను."

కిలో లెక్కన కూలి ఆమెకి.
ఆ మూడో చేట ఈ రాత్రి తూకానికి రాదు.
ఆ సంగతి ఆమెకి నాకంటే బాగా తెలుసు,
లెక్క రాసేది నేనే అయినా.

నీళ్లు తాగడం మర్చిపోయి పైకొచ్చాను.
ఎరుపుకీ పచ్చకీ మధ్య
పసుప్పచ్చగా ఒక మాట చేర్చాను:
తెలియలేదు.
దాన్ని అన్నిచోట్లా పలికించడానికి
నూట నలభై చోట్ల కుట్లు విప్పాల్సొచ్చింది.
స్టేషన్ మైకు తెలుగులో, ఒడియాలో, హిందీలో
ఏదో బండి ఆలస్యమని చెప్తూనే ఉంది.

వారం తిరక్కుండా తిట్లు మొదలయ్యాయి.
"నిన్నటిదాకా అంతా పచ్చగా ఉండేది,
మా మేనేజరుకి ఏం చూపించను?
బాగున్నదాన్ని పాడుచేశావు."

జవాబు రాయడానికి కూర్చున్నాను.
"ఎండ వచ్చాక మళ్లీ చూడండి" అని రాసి,
కొట్టేసి,
"గడువు పెంచి మళ్లీ నడపండి" అని రాశాను.

కిటికీ కింద
చేట తిరగేస్తున్న చప్పుడు.