హెరాన్

నిన్న పొద్దున తొమ్మిదింటికి అయిపోయింది.
ఐదో భాగం. ఆఖరిది.
షార్జా, సజ్జా క్యాంపు, పదిహేడో నంబరు రూము, కింది మంచం.
మూడు లుంగీలు కట్టి చేసుకున్న చీకట్ల
చిన్న తెర మీద పేర్లు పైకి పోతున్నయి.
పైమంచం మీద మొఫిజుల్ గురక, వానిది కూడ నైటే.
నేను మాత్రం రిమోటు కింద వెట్టలె,
పేర్లు ఒడిసినంక ఇంకేదన్న చూపిస్తరేమోనని.

ఏం చూపియ్యలె.

హెరాన్ అంటే కొంగ అని రోడెల్ చెప్పిండు,
గీతలు పడ్డ మిషను, మొదటి భాగం డిస్కు
రెండువందల యాభై దిర్హాములకు నాకమ్మి
మనీలా పోయేముందు.
పదకొండేండ్లాయె.
కొంగ జపం అంటే మా దిక్కు తిట్టు.
నాకైతే ఆ జపమే చదువు:
ఊపిరి బిగవట్టుడు,
కావలోడు మూడడుగులేసి మర్లేదాక లెక్కవెట్టుడు.
రెండో భాగంల రేవు గోదాము కండ్లు మూసుకున్నా ఎరికే.
ఒక్కన్ని చంపకుంట, ఒక్క గంట మోగకుంట
అవుతలికి పోయిన రోజు
డ్యూటీ బస్సుల లస్మయ్యకు చెప్పిన.
"జీతం పెరిగిందా?" అన్నడు.

కోపం లేదా అంటే ఉన్నది.
నాలుగో భాగంల గొంతు మార్చిండ్రు.
ఏండ్లకేండ్లు ఇన్న గొంతు,
మెట్‌పల్లి నుంచి మా అన్న ఫోన్ చేస్తే
హలో అనకముందే గుర్తువట్టినట్టు గుర్తువట్టే గొంతు.
ఐదో దాంట్ల మాటలే మాటలు:
నలభై నిమిషాలు ఒక ముసలి సేనాని కుర్సీల కూసోని
యుద్ధం గురించి చెప్తనే ఉంటడు.
దాక్కునే ఆటకు అంత లొల్లి దేనికి?
వంతెన కూలేకాడ మిషను కూడ కూలింది, రెండుసార్లు.

అయినా ఆఖరి రాత్రి.

హెరాన్‌కు మోకాళ్లు అరిగినయి. వంగితే టక్కుమంటయి,
ఆ చప్పుడు కావలోనికి ఇనవడ్తది.
ఇన్నేండ్లు గోడకు అతుక్కున్న మనిషికి
టార్చి ఇచ్చి, ఈల ఇచ్చి, బూడిద రంగు అంగి తొడిగి
గేటుకాడ నిలవెట్టిండ్రు.
ఇగ నడువు అంటది ఆట. అటు ఇరవై అడుగులు. ఇటు ఇరవై.
ఎవరో పిల్ల, కొత్తది, గోడ దిగుతది.
చేతిల ఒకటే బటన్. ఈల.

ఆన్నే ఆగిన.
చాయ్ మీద మీగడ కట్టింది.

నాది అదే కొలువు.
ఆరింటి నుంచి ఆరింటిదాక ఏసీ పైపుల గోదాము,
గంటకోసారి పుస్తకంల సంతకం.
అంగి రంగు కూడ అదే.
పదకొండేండ్ల సంది నేను తప్పించుకుంట వచ్చిన మనిషి
ఆవులిస్తడు, ఆకాశం చూస్తడు,
"గాలేమో" అనుకోని మర్లుతడు.
మొద్దోడని ఎన్నిసార్లు నవ్విన!

పోయిన జూలైల, రాత్రి రెండింటికి,
అంగి పిండితే నీళ్లు కారే ఉక్కల
కూలర్ కాడ ఎవడో దోసిలితోటి తాగుతుండె.
ఖల్లివల్లి మనిషి. కాయితాల్లేనోడు.
కాళ్లకు రెండు రకాల చెప్పులు.
నా టార్చి వాని మడిమెల దాక పోయింది.
"గాలే" అన్న నేను, తెలుగుల, గట్టిగ,
ఎవరడగకున్నా.
అటు మర్రి పైపులు లెక్కవెట్టిన,
నూటనలభై దాక వచ్చి తప్పిన, మళ్ల మొదలువెట్టిన.
పుస్తకంల రాసిన: అంత మంచిగున్నది.

నిన్న ఈల ఊదలె.
ఊదితే ఇంకో ముగింపు ఉన్నదట. చూడ.
పిల్ల నా పక్కనుంచే పోయింది,
పనికి కొత్త, ఎడమకాలు జర చప్పుడు.
తెర నల్లగైంది. హెరాన్ ఒక్కటే మాట అన్నడు,
పాత గొంతుతోని.
ఎక్కడికెళ్లి తెచ్చిండ్రో, ఎంత బతిమిలాడిండ్రో.
ఆ మాట మీకు చెప్ప. ఆడేటోళ్లు ఆడాలె.

లుంగీలు ఇప్పినంక పగలు ఒక్కసారే మీదవడ్డది.
మొఫిజుల్ కండ్లు నలుసుకుంట "ఖతమ్?" అన్నడు.
ఖతమ్, అన్న.
"అచ్ఛా హై?"
నడిమిట్ల జర లొల్లి ఎక్కువ, అన్న.