అనపకాయ లోపలి రంగు

షేడు కార్డు చేతికిస్తే
ఎస్తేరు సిస్టర్ తెరిచి సుత చూడలే.
"ఆ పేర్లు నాకేం తెలుస్తయి" అనుకుంట
వంటింట్లకు పోయి
గంపల నుంచి ఒక అనపకాయ తెచ్చి
గోటితోని చీల్చింది.
గింజలు నా చేతిల పోసింది, తినుమని.
తొక్క మలిచి లోపలి దిక్కు చూపెట్టింది:
"ఇగో, ఈ రంగు."

ముప్పై ఏండ్లాయె నేను బ్రష్షు వట్టి.
మా నాయిన కుండల సున్నం నానవెట్టేటోడు,
అండ్ల చిటికెడు నీలిమందు, అంతే ఆయిన పని.
నాకు కార్డు నిండ రంగులే.
అనపతొక్క లోపలిది మాత్రం
ఏ కార్డుల లేదు.

నాగర్‌కర్నూల్ బస్టాండు ఎనక దుకాణంల
పిల్లగాడు కంప్యూటర్ల ఏందో కొట్టిండు.
ఇరవై లీటర్ల తెలుపుల
నాలుగు పచ్చ చుక్కలు వడ్డయి.
"తెలుపే గదనే ఇది" అన్నడు.
ఇంకో రెండు ఎయ్యిమన్న.
ఎక్కువైంది. దవాఖానైంది.

దవాఖాన రంగు వద్దని
సిస్టర్ ముందే చెప్పింది.
ఇరవై రెండేండ్ల సంది
ఆ గోడల నడుమ రాత్రులు నిలవడ్డది.
నడుమెత్తు దాక ముదురు పచ్చ,
మీద పసుపెక్కిన తెలుపు.
రెండూ కలిసే గీతకు చెయ్యి ఆనిచ్చి
నొప్పులు వడే ఆడోళ్ళు నడుస్తరు,
గీత పొడుగూత నూనె మరకలు.
"ఆ గీత నా ఇంట్ల ఉండొద్దు జంగయ్యా."

పుట్టీ వెట్టి, గీకి, ప్రైమరేసి
తూర్పు గోడకు నాలుగు చారలు గీసిన.
పొద్దుగాల చూస్తె నాలుగూ తెలుపే.
పన్నెండింటికి రెండోది
పెసరపప్పు కడిగిన నీళ్ళ లెక్క తేలింది.
ట్యూబులైటు ఏసినంక
మూడోది నీలానికి జరిగింది,
నాలుగోది కామెర్లొచ్చిన మొఖం.
కుర్మయ్య నవ్విండు:
"ఏం రంగు పెద్దనాయినా,
పూటకో మాట చెప్తది!"

సిస్టర్ అన్నీ చూసింది, ఏం అనలే.
టిఫిన్ డబ్బ సంచిల వెట్టుకోని
ఏడింటి ఆటో ఎక్కుకుంట అన్నది:
"నేను పండేది పగటీలి గద.
కిటికీ మూసి చూడు."

కిటికీ మూసి చూడుమన్న మనిషి
నాకు ఇంతల దొరకలే.
అందరికీ చుట్టాలు మెచ్చే రంగే కావాలె,
గుమ్మంల నిలవడి చూసే రంగు.

తెల్లారి రెండో షేడు
గది మొత్తం రెండు కోట్లు కొట్టినం.
మిట్టమధ్యాన్నం కుర్మయ్యను అన్నానికి తోలి
కిటికీ రెక్కలు దగ్గరేసి
కొత్త బండల మీద గోనెపట్ట పరిచి ఒరిగిన,
మంచం వడే జాగల,
ఆమె తల వెట్టే దిక్కే నా తల.
గంజిల పల్లికాయ బండ్ల సప్పుడు
ఎక్కడ్నో దూరం.
రెక్కల సందుకెల్లి సన్నటి ఎండ
ఎదురు గోడకు తగిలింది.
గోడ దాన్ని జెరసేపు దగ్గర వెట్టుకోని
మెల్లగ గదంత ఇడిసింది.
తొక్కల ఉన్న గింజకు
పుష్యమాసం ఎండ ఎట్ల కనవడుతదో
నాకు తెల్వది,
గిట్లనే ఉంటది కావచ్చు.

కండ్లు ఎప్పుడు మూతవడ్డయో.
లేచేసరికి నాలుగు దాటింది.
రోలర్లన్ని ఎండి కట్టెలైనయి,
నూట ఎనభై రూపాలదొకటి.
బయట గద్దె మీద కుర్మయ్య
నోటి మీద ఏలు వెట్టుకోని కూసున్నడు.
సిస్టర్ డబల్ డ్యూటీ చేసి రెండింటికే వచ్చిందట,
తలుపు సందుల నన్ను చూసిందట,
"సప్పుడు చెయ్యకు" అని
పక్కింటోళ్ళ నులకమంచంల పోయి పండుకున్నదట.

షేడు నచ్చిందా అని
నేను అడగాల్సిన పని వడలే.
నా చెప్పుల పక్కన
రెండో గది తాళంచెయ్యి ఉన్నది,
దాని కింద పిడికెడు అనపగింజలు, ఉడికినయి,
జెర ఉప్పేసి.