ఆదివారం ఒంటిగంట నుంచి మూడింటిదాకా

బోర్డు పాతడానికి సుత్తి సరిపోలేదు.
డులూత్‌లో ఏప్రిల్ నేల ఇంకా ఇనుమే.
కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చి పోశాను.
ఆవిరిలోంచి "ఓపెన్ హౌస్" అక్షరాలు
కాస్త వంకరగా నిలబడ్డాయి, నాలాగే.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని.
నిజం చెప్పమంటారా?
ఇలా తలుపు బార్లా తీసి పెడితే
వచ్చేవాళ్లే గాని కొనేవాళ్లుండరు.
మా ఆఫీసు కుర్రాళ్లు నవ్వుతారు:
ఫోటోలున్నాయి, వీడియోలున్నాయి,
ఇంకా ఈ బూట్ల బురదెందుకు డెనీస్, అని.
బోర్డు మీద నా మొహం పెద్దది, ఇంటి నంబరు చిన్నది.
అదీ నిజమే.

లెంపి హర్యులాకి ముందే చెప్పాను:
ఫ్రిజ్ మీద అయస్కాంతాలు తీసెయ్యండి,
చేపల పొగవాసన పోయేదాకా కిటికీలు తెరవండి,
మందుసీసాలు కారులో పెట్టుకోండి,
ఆ రెండు గంటలూ మీరు ఇంట్లో ఉండకూడదు.
"నలభై ఏళ్లలో ఇక్కణ్ణుంచి నన్ను
పొమ్మన్న మొదటి మనిషివి" అంది,
ఖనిజం మోసే ఓడల్లో వంట చేసినామె,
తాళంచెవిని గరిటెలా పట్టుకుని.

ఒంటిగంటకి ముందుగా బిస్కెట్లాయన.
ఏ ఇల్లయినా సరే, ప్రతి ఆదివారం.
రెండు నోట్లోకి, ఒకటి జేబులోకి.
ఆ తర్వాత వీధి వీధంతా దిగింది.
పొరుగింటి పుల్లకూర రుచైతే
పొరుగింటి బాత్రూము పంచభక్ష్యాలు.
ఎదురింటి గుస్తావ్‌సన్ వచ్చింది
పదిహేడేళ్లుగా తెల్లవారుజామున మూడింటికి
వెలుగుతున్న ఆ కిటికీ ఏ గదిదో తేల్చుకోవడానికి.
వంటగది, అన్నాను. రొట్టెపిండి కలిపే వేళ.
ఓడ దిగినా ఆమె మెలకువ దిగలేదు.
"అంతేనా" అన్నాడు,
ఏదో పోగొట్టుకున్నట్టు.
ఎవరి పిల్లో మెట్లెక్కుతూ పద్నాలుగు లెక్కపెట్టి
దిగుతూ పదమూడు లెక్కపెట్టి
ఈ ఇల్లు మోసం చేస్తోందని వాళ్లమ్మకి ఫిర్యాదు.
ఒక జంట టేపు సాగదీసి సోఫా పడుతుందా అని చూస్తూ
సోఫాకి సంబంధం లేని గొడవలోకి జారిపోయారు.

రెండున్నరకి, తలకి గుడ్డ, నల్లకళ్లద్దాలు,
లెంపి.
బూట్లకి నీలం తొడుగులు వేసుకుంది.
పుస్తకంలో ఏదో పేరు రాసింది.
"ఎంత చెబుతున్నారు?" అని నన్నే అడిగింది.
చెప్పాను.
"ఎక్కువే" అంది.
గదిగదీ తిరిగింది, చేతులు వెనక్కి కట్టుకుని,
తాకితే ఎవరైనా అరుస్తారేమో అన్నట్టు.
వంటగది కిటికీలోంచి సరస్సు, మంచుపెచ్చులు,
కదులుతోందో లేదో తెలీని ఒక ఓడ.
టేపు పట్టుకున్న అమ్మాయి పక్కనే నిలబడి
"వీళ్లు ఇల్లు బాగా ఉంచుకున్నారండీ" అంటే
"వీళ్లు కాదు, ఒక్కత్తే" అనేసి
నాలిక కరుచుకుంది.
గుస్తావ్‌సన్ ఏమీ అనలేదు.
పళ్లెం తీసుకెళ్లి, కొత్తవాళ్లకి పెట్టినట్టు,
ఒక బిస్కెట్ అందించాడు.

మూడింటికి బోర్డు పీకాను. ఒక్క బేరమూ లేదు.
పుస్తకంలో ముప్పయ్యొక్క పేర్లు, ఒకటి అబద్ధం.

గురువారం ఫోను.
గుస్తావ్‌సన్ మేనకోడలట. వంతెన అవతలి ఊళ్లో నర్సు,
అన్నీ రాత్రి డ్యూటీలే.
ఇల్లు చూడలేదు. ఫోటోలూ చూడలేదు.
"తెల్లవారుజామున మూడింటికి దీపం వేసుకున్నా
ఆ వీధిలో ఎవరూ ఏమీ అనుకోరట కదా?" అంది.
అనుకుంటారు, అన్నాను.
పదిహేడేళ్లు అనుకుంటారు. అడగరు, అంతే.
"అయితే శనివారం వస్తాను" అంది.

కుర్రాళ్లకి ఈ సంగతి చెప్పలేదు.
సంతకాలయ్యాక ఆ పుస్తకం మళ్లీ తెరిచాను.
"నచ్చనిది ఏమైనా ఉందా" అన్న గడిలో
ముప్పైమందీ ఖాళీ వదిలారు.
ఆ దొంగపేరు పక్కన మాత్రం గుండ్రటి చేతిరాత:
ముందు తలుపు.
భుజంతో నెడితే గాని మూసుకోదు.